వయసుతో వచ్చే పొట్ట: కొవ్వు కణాలు మారడం వల్లా, పని తగ్గడం వల్లా?

డెల్టాబాబు: మాది అమలాపురం పక్క పల్లె. మా మావయ్యకి అరవై దాటాయి. చేతులూ కాళ్లూ సన్నబడ్డాయి, పొట్ట మాత్రం పెరిగింది, షుగరూ వచ్చింది. ‘వయసొచ్చాక కొవ్వులో ప్రోటీన్లే మారిపోతాయంట, మనమేం చేస్తాం’ అంటాడు. కోత మిషన్లు వచ్చాక ఆయన చేలోకి దిగిందే లేదు, టీవీఎస్ బండి మీద గట్టు దాకా వెళ్లి వచ్చేస్తాడు. ఇది వయసా, సాకా?

గట్టుమీద: సాకేనండీ. 2021లో సైన్స్ పత్రికలో పెద్ద అధ్యయనం వచ్చింది, 29 దేశాల్లో 6,400 మందికి పైగా. ఒంటి పరిమాణం లెక్కలోకి తీసుకుంటే 20 ఏళ్ల నుంచి 60 దాకా శరీరం ఖర్చుచేసే శక్తి దాదాపు మారదని తేలింది. మా వీధిలో కొబ్బరి దింపు తీసే ఆయనకీ అరవై దాటాయి. పొట్ట ఏదీ?

ల్యాబ్‌కోటు: గట్టుమీద గారూ, ఆ అధ్యయనం కొలిచింది ఒళ్లంతా కలిపి ఖర్చయ్యే శక్తిని. కొవ్వు ఎక్కడ చేరుతోంది, ఏ సంకేతాలు పంపుతోంది అన్నది వేరే ప్రశ్న. కాకినాడలో బయోకెమిస్ట్రీ పాఠం చెప్పేటప్పుడు మా పిల్లలూ ఈ రెండిటినీ కలిపేస్తారు.

కొవ్వు కణం మీద ఇన్సులిన్ రిసెప్టర్, అంటే ఇన్సులిన్ వచ్చి పట్టుకునే చోటు ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి అంటుకుంటే లోపల ఐఆర్‌ఎస్-1 అనే ప్రోటీన్ మేలుకుంటుంది, అది ఏకేటీ అనే మరో ప్రోటీన్‌కి కబురు పంపుతుంది, దాంతో చక్కెరని మోసే గ్లట్-4 అనే ప్రోటీన్ కణం పైపొరకి వచ్చి చక్కెరని లోపలికి తీసుకుంటుంది. వయసు మీద పడేకొద్దీ కొవ్వులో విభజన ఆగిపోయినా చావని ముసలి కణాలు పోగుపడతాయి. ఇవి ఊరుకోవు, ఇంటర్‌ల్యూకిన్-6, పీఏఐ-1 లాంటి సంకేత ప్రోటీన్లు వదులుతుంటాయి. రక్షణ కణాలు వచ్చి చేరి వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే ప్రోటీన్ వదులుతాయి. దాని ప్రభావంతో ఐఆర్‌ఎస్-1 మీద ఫాస్ఫేట్ ఉండాల్సిన చోట కాక మరో చోట పడుతుంది. ఇక కబురు ముందుకెళ్లదు. కాలవ నిండా నీళ్లున్నా తూము తలుపు బిగుసుకుపోతే చేనుకి తడి అందదు చూడండి, అదే పరిస్థితి.

ఇంకోటి, కొత్త కొవ్వు కణం తయారవడానికి కావాల్సిన పీపీఏఆర్-గామా అనే ప్రోటీన్ కూడా తగ్గుతుంది. దాంతో చర్మం కింద దాచుకునే చోటు తగ్గి, కొవ్వు పొట్ట లోపలికీ కాలేయానికీ మళ్లుతుంది. మావయ్యగారి చేతులు సన్నబడటానికి ఇదొక కారణం, కండ తరగడం మరో కారణం.

గట్టుమీద: టీఎన్‌ఎఫ్ సంగతి 1993లోనే తేల్చారు, అదీ లావెక్కిన జంతువుల కొవ్వులో. ముసలివాటిలో కాదు. పడుచువాళ్లు లావెక్కినా అదే వాపు వస్తుంటే తప్పు వయసు మీద ఎందుకు వేస్తున్నారు? పైగా 2003లో కొవ్వులో మాత్రం ఇన్సులిన్ రిసెప్టర్ తీసేసిన ఎలకలు దాదాపు 18 శాతం ఎక్కువ కాలం బతికాయి. తూము బిగిసినా మంచే జరిగింది కదండీ!

ల్యాబ్‌కోటు: మొదటి మాట బలమైనదే. మనుషుల్లో వయసునీ లావునీ విడదీయడం కష్టం. కానీ 2018లో ముసలి కణాలు కొన్నిటిని తెచ్చి పడుచు ఎలకల్లో పెడితే వాటి నడక, పట్టు దెబ్బతిన్నాయి. అక్కడ లావు ప్రసక్తే లేదు. ఇక మీ 2003 ఎలకలు బాగా తిన్నా సన్నగానే ఉండిపోయాయి. అసలు కొవ్వే చేరని ఒళ్లు వేరు, నిండిపోయి వాచిన కొవ్వు వేరు. దాన్ని దీనికి సాక్ష్యంగా తేకండి.

పాలకొల్లు_సిస్టర్: ఆయ్, ఎలకల్ని కాసేపు పక్కన పెట్టండి. కొవ్వు కణాలు వదిలే అడిపోనెక్టిన్ మంచి హార్మోన్, అది పెంచుకోండి అంటూ వీడియోలు తిరుగుతున్నాయి. పెద్ద వయసువాళ్లలో అది ఎక్కువగా ఉన్నవాళ్లే ఎక్కువ మంది చనిపోయినట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది. అదే మరణానికి కారణమని కాదు, కానీ అది చూసి పొడులు కొనకండి.

మనవాళ్లకి ఈ గొడవ అరవైలో మొదలవదు కూడా. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వేశారు, ఒకరు పుణె ఆయన, ఒకరు లండన్ ఆయన. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 22.3. కొవ్వు మాత్రం మన ఆయనకి 21.2 శాతం, లండన్ ఆయనకి 9.1. పొట్ట కిందికి లుంగీ జార్చి కట్టి ‘నా నడుం ముప్పై నాలుగే సిస్టర్’ అనేవాళ్లు నాకు రోజూ తగులుతారు. టేపు పెట్టాల్సింది కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి.

డెల్టాబాబు: మావయ్య నడుం కొలిచాను. 101 సెంటీమీటర్లు. మావయ్య రెండ్రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఇప్పుడు నడిస్తే ఆ ప్రోటీన్లు మళ్లీ దారికొస్తాయా?

ల్యాబ్‌కోటు: కొవ్వులో పోగుపడ్డ ముసలి కణాలు నడకతో పూర్తిగా పోతాయని నేను చెప్పను. కానీ కండ కదిలితే ఇన్సులిన్ కబురు లేకుండానే గ్లట్-4 పైకి వస్తుంది. ఆ దారికి ఐఆర్‌ఎస్-1తో పనే లేదు.

గట్టుమీద: మొదట్నుంచీ నేను చెప్తోంది అదే కదండీ!

ల్యాబ్‌కోటు: కాదండీ. మీరు దారి మూసుకుపోలేదన్నారు. నేను మూసుకుపోయింది, పక్కన ఇంకోటి ఉంది అంటున్నాను.

పాలకొల్లు_సిస్టర్: బాబూ, షుగరు మాత్రలు వాడుతున్నారా? ఇన్సులినో, గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్రో వేసుకుని పరగడుపున నడిస్తే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఏది వాడుతున్నారో ఇక్కడ రాయండి, ముందు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టించండి.