ఉప్పాడకి గోడ కావాలా, ఊరే వెనక్కి జరగాలా?

తీరం_కుర్రాడు:
వాయుగుండం అంటే చాలు టీవీలో కాకినాడ పక్కన సముద్రం కోసేస్తున్న మన ఉప్పాడ బీచ్ రోడ్డు కనపడుద్ది, రెండ్రోజులు హడావిడి, తర్వాత మళ్ళీ లారీల్లో రాళ్ళు తెచ్చి పోస్తారు. 2010 ప్రాంతంలో జియో ట్యూబులు వేశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాల్లాంటి సంచులు, కొన్నాళ్ళు ఆపాయి, తర్వాత చిరిగి కుంగిపోయాయి. నన్నడిగితే ఆ డబ్బుతో జనాన్ని లోపలికి పంపి మంచి ఇళ్ళు కట్టిస్తే మేలు. మీరేమంటారు?

గంగమ్మ_బిడ్డ:
లోపలికి పంపడం అని చెప్పడం తేలికేనండీ. మేం ఒడ్డున ఉన్నది గాలి కోసం కాదు. రాత్రి పోటెక్కి నీళ్ళు బోటు కిందకి వచ్చేస్తుంటే ఎవరో ఒకళ్ళు కేకేస్తారు, వీధి వీధంతా లేచి ఒకళ్ళు ఇంజను విప్పి ఒకళ్ళు వల భుజానేసుకుని మిగతావాళ్ళం బోటుని పైకి నెడతాం. ఎక్కడో కాలనీలో పడుకుంటే ఆ కేక ఎవడికి వినపడుద్ది? తెల్లారి బోటు రాగానే ఆడోళ్ళు చేపలు పాడుకుని తట్టల్లో సర్దుకుని కాకినాడ ఆటో ఎక్కాలి, వాళ్ళెక్కడి నుంచి నడిచి రావాలి? సెంటున్నర స్థలంలో వల ఎక్కడ ఆరేయాలి, ఎండుచేపలు ఎక్కడ పరుచుకోవాలి? మా పాత వీధులు, గుళ్ళు ఇప్పటికే నీళ్ళలో కలిసిపోయాయి. ఉన్నదన్నా నిలబడాలంటే గోడ కట్టాల్సిందే.

మడ_అడవి:
మడ మొక్కలు నాటొచ్చు కదా? కోరంగి దగ్గర ఊళ్ళకి అవే కాపలా.

సివిల్_శ్రీను:
మడ చెట్టు బురదలో, అలల జోరు లేని చోట బతుకుద్ది బ్రదర్. కోరంగిలో ఉన్నవి నరకకుండా కాపాడుకోవాలి, అందులో రెండో మాట లేదు, కానీ ఉప్పాడ ఇసుక ఒడ్డు మీద నాటితే మొదటి పోటుకే లేచిపోతాయి.

అసలు జరుగుతున్నది ఇసుక కరువు. మన తీరంలో ఇసుక మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటది, గోదావరి తెచ్చే ఒండ్రు పైన డ్యాముల్లో ఆగిపోతోంది, వచ్చిన కాస్త ఇసుకకీ హార్బర్ల రాతికట్టలు అడ్డం. పైగా కాకినాడకి హోప్ ఐలాండ్ అడ్డుంది, ఉప్పాడకి ఆ అడ్డు లేదు, అల నేరుగా వచ్చి తగులుద్ది. సముద్రమట్టం పెరిగేకొద్దీ అదే పోటు ఇంకా లోపలికొస్తది. గోడ దాని వెనకున్న ఇంటిని కాపాడుద్ది గానీ ముందున్న ఇసుకని కాపాడదు, అల గోడకి కొట్టుకుని వెనక్కి పోతూ అడుగున ఇసుక లాగేస్తది, గోడ ఆగిన చోట పక్క ఊరికి కోత మొదలు. ఉత్తరాన కోనపాపపేట వాళ్ళు ఏం పాపం చేశారు?

విశాఖలో పోర్టు తవ్విన ఇసుకని ఆర్‌కే బీచ్‌కి పోస్తున్నారు. టూరిస్టులు తిరిగే బీచ్‌కి పోసే ఇసుక బోట్లు నిలిపే ఒడ్డుకి ఎందుకు పోయరు? కాకినాడ దగ్గర కూడా డ్రెడ్జింగ్, అంటే ఓడల దారి కోసం అడుగు తవ్వడం ఉంది, పనికొచ్చే ఇసుక ఎంతుందో చూసి ఏటా ఉప్పాడ ముందు పోయాలి, ఒకసారి పోసి వదిలేస్తే నిలవదు.

తీరం_కుర్రాడు:
ఏటా పోయాలంటే ఖర్చు కదా?

సివిల్_శ్రీను:
ఏటా రాళ్ళు పోయట్లేదా? రోడ్డు మళ్ళీ మళ్ళీ వేయట్లేదా?

గంగమ్మ_బిడ్డ:
ఇసుక పోస్తానంటే ఎవరం వద్దనం శ్రీను గారూ, బోటు దిగడానికి రాళ్ళకంటే ఇసుకే మాకు మంచిది. కానీ అది వచ్చేదాకా రాళ్ళు తియ్యొద్దు. ఇంక ఇళ్ళు పోయినవాళ్ళకి స్థలం ఒడ్డుకి నడిచెళ్ళేంత దూరంలోనే ఇవ్వాలి, వలలకి, ఎండుచేపలకి ఉమ్మడి జాగా విడిగా రాసివ్వాలి. మేం ఖాళీ చేసిన జాగాలో రేపు రిసార్టు కట్టబోమని కాగితం మీద పెట్టమనండి, అప్పుడు వెనక్కి జరగడం గురించి మా ఊళ్ళో కూర్చుని మాట్లాడదాం.