మోర్డెన్ వూస్టర్‌షైర్ మ్యాప్: దూరాలు కుదరట్లేదు, తప్పెవరిది?

పాతకాగితం
రాబర్ట్ మోర్డెన్ వూస్టర్‌షైర్ కౌంటీ (ఇంగ్లండులో జిల్లా లాంటిది) మ్యాప్ నా దగ్గరుంది. కామ్డెన్ రాసిన బ్రిటన్ వర్ణన పుస్తకం ‘బ్రిటానియా’ 1695 ముద్రణ కోసం చెక్కిన పలకది. నాలుగు అనుమానాలు: మొదటి ముద్రణేనా? రంగు పాతదేనా? మ్యాప్ మీద కొలిచిన దూరాలు అసలు దూరాలతో ఎందుకు తేడా కొడుతున్నాయి? కింద మార్జిన్‌లో నీటి మరక ఉంది, ఏం చెయ్యాలి?

భూతద్దం
అవే రాగి పలకలు 1722, 1753, 1772లో మళ్లీ వాడారు. కాబట్టి శీర్షిక చూసి 1695 అనెయ్యకండి. పదింతల లెన్సు పెట్టి కొండల నీడ గీతలు చూడండి. పలక అరిగేకొద్దీ ముందు పోయేవి ఆ సన్న గీతలే. అక్షరాలు నల్లగా ఉండి కొండలు మాసినట్టుంటే తర్వాతి ముద్రణ అయి ఉండొచ్చు. కాగితాన్ని వెలుతురుకు పట్టండి. రెండున్నర సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కాగితం తయారుచేసిన అచ్చులోని తీగల గీతలు కనబడాలి. అవి లేకుండా నున్నగా ఉంటే 1695 ఆశ వదులుకోండి, ఆ రకం కాగితం ఇంగ్లండులో 1757 ప్రాంతం నుంచే.

కొలబద్ద
దూరాల సంగతికొద్దాం. మోర్డెన్ స్కేలు బార్లు మూడిచ్చాడు: గ్రేట్, మిడిల్, స్మాల్ మైళ్లు. మీరు ఏ బార్‌తో కొలిచారు? 1760 గజాల మైలు 1593 చట్టంలోనే ఉన్నా పల్లెల్లో అంతకంటే పొడుగు మైళ్లు చాలాకాలం నడిచాయి. మన ఆమడ ఊరికో లెక్క ఉన్నట్టే. వూస్టర్ నుంచి ఈవ్‌షామ్‌కి గీత గీసినట్టు దాదాపు పదమూడున్నర మైళ్లు, డ్రాయిట్‌విచ్‌కి ఆరు. ఈ రెండూ మ్యాప్ మీద మిల్లీమీటర్లలో కొలిచి అసలు దూరంతో భాగించండి. మైలుకెన్ని మిల్లీమీటర్లో వస్తుంది, దాన్ని మూడు బార్లతో పోల్చండి. ఊరి బొమ్మ నుంచి కాదు, దాని చిన్న సున్నా మధ్య నుంచి కొలవాలి.

సర్వేరాయి
స్కేలు బార్ల గోల ఎందుకండీ, స్కాన్ చేసి, మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో థిన్ ప్లేట్ స్ప్లైన్ కొడితే సరిపోతుంది. నాకు ఎర్రర్ సున్నా వస్తుంది.

కొలబద్ద
సున్నా రాక ఏం చేస్తుంది! ఆ పద్ధతి మ్యాప్‌ని సాగదీసి, మీరు గుర్తుపెట్టిన ప్రతి పాయింట్‌నూ దాని చోటే కూర్చోబెడుతుంది. మోర్డెన్ తప్పంతా మీరే తుడిచేసి, తప్పే లేదంటున్నారు.

సర్వేరాయి
నేను పదేళ్లుగా ఇదే పని చేస్తున్నానండీ.

గీతలరాయుడు
పదేళ్లుగా తప్పు చేస్తున్నారన్నమాట 😄 ఖచ్చితత్వం కొలవాలంటే హెల్మర్ట్ పెట్టాలి (మ్యాప్‌ని తిప్పి, జరిపి, అంతటా ఒకేలా పెంచడమో తగ్గించడమో చేస్తుంది, వంచదు), లేదా మొదటి డిగ్రీ పాలీనోమియల్ (రెండు దిశల్లో వేర్వేరుగా సాగదీయగలదు). గ్రిడ్ ఈపీఎస్‌జీ 27700 (బ్రిటన్ జాతీయ గ్రిడ్). పాయింట్లు 12 నుంచి 15, మ్యాప్ అంతా పరుచుకునేలా, పాత చర్చిలున్న ఊళ్లే. నదుల వంపులు వద్దు, అవి చెక్కినవాడి ఇష్టం. హెల్మర్ట్‌కీ పాలీనోమియల్‌కీ తేడా ఎక్కువ వస్తే కాగితం అనుమానించండి. రాగి పలక ముద్రణకు కాగితం తడిపేవాళ్లు, ఆరాక రెండు దిశల్లో ఒకేలా కుంచించుకోదు. తప్పు ఎటు లాగుతుందో చూడ్డానికి మ్యాప్‌అనలిస్ట్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది.

రంగులపెట్టె
కాగితం తిప్పి చూశారా? పాత ఆకుపచ్చ రాగి తుప్పుతో చేసింది, ఏళ్లు గడిచేకొద్దీ వెనక్కి గోధుమరంగులో దిగుతుంది. దిగకపోతే కొత్త రంగే అని మాత్రం కాదు, ఆకుపచ్చలన్నీ రాగివి కావు.

సర్వేరాయి
సరే, పద్ధతి వదిలేద్దాం. డడ్లీని కౌంటీ సరిహద్దు బయట వేశాడు, స్టాఫర్డ్‌షైర్ మధ్యలో! దీన్నేమంటారు?

భూతద్దం
అది తప్పు కాదు బాబూ. డడ్లీ నిజంగానే వూస్టర్‌షైర్ ముక్క, చుట్టూ స్టాఫర్డ్‌షైర్. నిజాం రాజ్యం నడుమ మునగాల పరగణా కృష్ణా జిల్లాలో ఉన్నట్టే. అటు షిప్‌స్టన్ కూడా అంతే.

సర్వేరాయి
1844 చట్టంతో అలాంటి విడి ముక్కలన్నీ పక్క కౌంటీల్లో కలిపేశారు కదా.

గీతలరాయుడు
అన్నీ కాదు. హేల్స్‌ఓవెన్ ష్రాప్‌షైర్ నుంచి వూస్టర్‌షైర్‌కి వచ్చింది ఆ చట్టంతోనే. షిప్‌స్టన్ 1931 దాకా, డడ్లీ 1966 దాకా కదల్లేదు. అయినా 1695 మ్యాప్‌ని 1844 చట్టంతో తూచడమేంటి?

సర్వేరాయి
మరి రేఖాంశం? ఆధునిక మ్యాప్‌తో ఆరు నిమిషాల తేడా.

కొలబద్ద
అది గ్రీనిచ్ కాదు, లండన్ నుంచి లెక్క. లండన్ సెయింట్ పాల్స్ చర్చి గ్రీనిచ్‌కి పడమరగా దాదాపు ఆరు నిమిషాల దూరంలో ఉంది. ఆ ఆరు నిమిషాలు తీసేస్తే వూస్టర్ 2 డిగ్రీల 7 నిమిషాల దగ్గర పడాలి. పై అంచులో రోమన్ అంకెలు డిగ్రీలు కావు, కాలం తాలూకు నిమిషాలు, డిగ్రీకి నాలుగు. అక్కడ వూస్టర్ ఎనిమిదిన్నర దగ్గర ఉండాలి. దీన్ని మించి తేడా వస్తే అప్పుడు మోర్డెన్‌ని తిట్టండి.

రంగులపెట్టె
మోర్డెన్ కంటే ముందు జాన్ స్పీడ్ వేసిన మ్యాపులే అందం. ఊళ్ల ప్లాన్లు, హోండియస్ చెక్కుడు!

గీతలరాయుడు
అందం సరే, స్పీడ్ మ్యాపుల్లో రోడ్లేవీ? మోర్డెన్ జంట గీతల రోడ్లు 1675 రోడ్ల పుస్తకం కోసం ఓగిల్బీ చక్రం దొర్లించి కొలిచిన దారుల పుణ్యం. అందుకే ఓగిల్బీ వెళ్లిన దారి పక్క ఊళ్లు ఓ మాదిరి సరిగ్గా ఉంటాయి, లోపలివి జారతాయి. అసలు కొలతలతో కౌంటీ మ్యాపులు కావాలంటే 1759లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ వంద పౌన్ల బహుమతి ప్రకటించాక బెంజమిన్ డాన్ చేసిన 1765 డెవన్ కౌంటీ మ్యాప్ చూడండి.

పాతకాగితం
మరక?

రంగులపెట్టె
ఇస్త్రీ వద్దు, తడిగుడ్డ వద్దు. చేత్తో వేసిన రంగు తడికి పారుతుంది. వెనక ఆమ్లపు అట్ట ఉంటే అది తీసేసి ఆమ్లం లేనిది పెట్టండి, మరక అలాగే ఉండనివ్వండి.

కొలబద్ద
అన్నట్టు మీ కొలతలు కాగితం మీద తీసినవేనా?

పాతకాగితం
కాదండీ, ఫ్రేమ్‌లో ఉండగా ఫోన్‌తో ఫొటో తీసి కొలిచాను. గాజు మెరుస్తోందని కాస్త పక్క నుంచి తీశాను.

గీతలరాయుడు
మీకో దండం.

కొలబద్ద
ఫ్రేమ్ విప్పి సమతలంగా పరిచి మళ్లీ కొలవండి. స్కానర్‌లో రెండు భాగాలుగా తీస్తే మధ్య మడత దగ్గర అతుకు తప్పుతుంది, అక్కడి పాయింట్లు వాడకండి.