తాతగారి స్టాంపులకు వెల కట్టించాలా, వచ్చిన బేరానికి ఇచ్చేయాలా?

పోర్టు మనవడు:
మాది విశాఖ వన్ టౌన్. తాతగారు పోర్టులో గుమాస్తా. ఆయన పోయాక అటక మీంచి నాలుగు స్టాంపు ఆల్బమ్‌లు, రేకు డబ్బా నిండా పాత కవర్లు దిగాయి. ఒక డీలరు ఇంటికొచ్చి, పావుగంట తిరగేసి, "మొత్తానికి ఎనిమిది వేలు, ఇప్పుడే ఇస్తా" అన్నాడు. అందులో 1948 నాటి పది రూపాయల గాంధీ స్టాంపు ఒకటుంది. అన్నయ్య ఇచ్చేద్దామంటాడు. నాకేమో ముందు వెల కట్టించాలని ఉంది.

సీతమ్మధార మాస్టారు:
కొనేవాడు చెప్పింది వెల కాదు బాబూ, బేరం. వెల కట్టేవాడూ కొనేవాడూ ఒక్కడే కాకూడదు. ఫీజు ఇచ్చినా సరే, వేరే మనిషికి చూపించు. ఆ గాంధీ సెట్టు 1948 ఆగస్టు 15న వచ్చింది, స్విట్జర్లాండ్‌లో అచ్చయింది. అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. గిరాకీ అంతా పది రూపాయలదానికే, నకిలీలు కూడా దానికే ఎక్కువ. పోస్టాఫీసు వాళ్ళు కొత్త స్టాంపులు అమ్ముతారు గానీ పాతవాటికి ధర చెప్పరు, అక్కడికి తిరగకు.

గాజువాక రాజు:
మాస్టారూ, మీరు చెప్పినట్టే మా మావయ్య ఆల్బమ్ పట్టుకుని రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళాను. రైలు చార్జీలు, లాడ్జి ఖర్చు దండగ. అజ్మాన్, ఫుజైరా అని గల్ఫ్ చిన్న రాజ్యాల పేర్లున్న రంగురంగుల బొమ్మలు చూసి లక్షలనుకున్నాం. అవి సేకరించేవాళ్ళకి అమ్మడానికే కుప్పలుగా అచ్చొత్తినవట! ఎనిమిది వేలిస్తానంటే కళ్ళకద్దుకుని తీసుకోండి.

సీతమ్మధార మాస్టారు:
ఆల్బమ్‌ల వరకు రాజు మాట ఒప్పుకుంటాను. కేటలాగ్‌లో, అంటే స్టాంపుల ధరల పుస్తకంలో, వేసేది కూడా డీలరు అమ్మే ధర, మన చేతికొచ్చేది కాదు. నా బెంగంతా ఆ రేకు డబ్బా గురించే. కవరు మీద "విజగపటం" అనో "వాల్తేరు" అనో పాత పోస్టాఫీసు ముద్ర స్పష్టంగా ఉంటే, స్టాంపు చవకదైనా కవరు విలువ వేరు. దయచేసి స్టాంపులు కత్తిరించొద్దు, నీళ్ళలో నానబెట్టొద్దు.

ఎంవీపీ లలిత:
అలాగని అమ్మకాన్ని నెలల తరబడి నానబెట్టడం కూడా వద్దు తమ్ముడూ, మన ఊరి తేమ గాలి సంగతి తెలిసిందే కదా. మా ఇంట్లో ఒక్క వానాకాలానికే గోధుమ మచ్చలొచ్చాయి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. జిగురు చెడితే ధర సగం పోయినట్టే. పట్టకారుతో తీసి, వెనకా ముందూ ఫొటోలు తీసి, జాబితా రాసుకో. రేపు అన్నదమ్ముల మధ్య మాట రాకుండా కూడా పనికొస్తుంది.

పోర్టు మనవడు:
జాబితా సగమైంది. ఈలోగా డీలరు ఫోన్ చేశాడు. గాంధీ ఒక్కటి విడిగా ఇచ్చినా అదే ఎనిమిది వేలిస్తాడట.

గాజువాక రాజు:
అయితే మిగతాదంతా ఊరికే పట్టుకుపోదామనుకున్నాడన్నమాట! నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆల్బమ్‌లు ఎవరికి ఇచ్చుకున్నా ఫర్వాలేదు, గాంధీ గారిని మాత్రం వెల కట్టేదాకా ఇల్లు దాటనివ్వకండి.