అప్‌డేట్: నెల్లూరు రాకెట్ కిట్, నాలుగు నెలల తర్వాత

నాలుగు నెలల కిందట అడిగాను కదా, నెల్లూరులో మా మేడ గదిలో ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీకి 1:100 స్కేల్ బొమ్మ కిట్ చేస్తున్నాను, ఫొటోలకు లైకులే తప్ప ఎవరూ మాట్లాడరు, కొనరు, ఏం చేయాలి అని. "పూర్తయిన బొమ్మ కాదు, సగంలో ఉన్న పని చూపించు" అన్నారు చాలామంది. అదే చేశాను.

రంగు వేయని స్ట్రాపాన్ మోటార్ల (రాకెట్ పక్కన అతికించే చిన్న మోటార్లు) ఫొటో పెట్టి కొలతలు సరిపోయాయా అని అడిగాను. గంటలో కావలి నుంచి ఒకాయన పట్టేశారు. కిట్ పేరేమో ఎక్స్‌ఎల్ (పొడుగు మోటార్లుండే పీఎస్‌ఎల్‌వీ రకం), అతికించినవి పాత రకం పొట్టి మోటార్లు! అసలు ఎక్స్‌ఎల్ రాకెట్‌లో ఒక్కో మోటార్‌లో 12 టన్నుల ఘన ఇంధనం, పాతవాటిలో సుమారు 9 టన్నులే, పొడవూ తక్కువ. సిగ్గేసింది. కానీ తప్పు ఒప్పుకుని కొత్త డ్రాయింగ్ పెట్టాకే అసలు మాటలు మొదలయ్యాయి. మోటార్లు విడిగా ఇస్తే 2 పెట్టి డీఎల్, 4 పెట్టి క్యూఎల్, 6 పెట్టి ఎక్స్‌ఎల్, ఏమీ పెట్టకపోతే కోర్ అలోన్, ఇలా పీఎస్‌ఎల్‌వీలో నాలుగు రకాలు చేసుకోవచ్చు కదా అన్నదీ ఆయనే. ఇప్పుడు అలాగే ఇస్తున్నాను.

బిగించే పద్ధతి కాగితం ముందే ఉచితంగా పెట్టమన్న సలహా బాగా పనికొచ్చింది. వారం వారం పోటీ పెట్టమన్నది మాత్రం తేలిపోయింది. వచ్చింది ఇద్దరే, అందులో ఒకడు మా బావమరిది.

వానల్లో లాకర్ స్ప్రే (వార్నిష్ లాంటి పూత) తెల్లగా మసకబారుతోందని కొన్నవాళ్లు అడిగారు. నాకూ అలాగే చెడింది. ఆ చెడిన ముక్క ఫొటోనే పెట్టి, తేమ తగ్గిన ఎండపూట వేయమన్నాను. ఈ నెలలో ఎక్కువమంది మాట్లాడింది దాని కిందే.