సమస్యాపూరణం: "కేసు లేని వాడె కేసు గెలిచె"

నిర్వాహకుడు, హనుమకొండ: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. క్లయింట్లు లేని వకీలును చెట్టుకింద ప్లీడరు అంటాం కదా, ఆ మాట మీద. 1961 అడ్వకేట్స్ చట్టంతో ప్లీడరు, ముక్తార్ లాంటి వకీళ్ల తరగతులన్నీ పోయి అందరూ అడ్వకేట్లే అయ్యారు, ఆ పాత పేరు ఈ మాటలో మిగిలింది. దయచేసి వెక్కిరింపుగా రాయకండి. ప్రకటన ఇచ్చుకోవద్దు, కేసులు అడుక్కోవద్దు అని బార్ కౌన్సిల్ నియమమే ఉంది, మరి అదాలత్ దగ్గర నల్లకోటుతో నిలబడ్డ కుర్రాడు ఎదురుచూడక ఏం చేస్తాడు?

పరకాల మాస్టారు:

చెట్టు కింద నిలిచి చేతులు నలిపెడి
యువ వకీలు పేద యూరి యవ్వ
కొరకు రుసుము లేక కోర్టు మెట్లెక్కెను
కేసు లేని వాడె కేసు గెలిచె

కాజీపేట తమ్ముడు:

నల్లకోటు తప్ప నాణెము లేదయ్య
బల్ల లేదు తనకు బారు గదిని
సీనియరుకు జబ్బు ఫైలు నాకిచ్చెను
కేసు లేని వాడె కేసు గెలిచె

నిర్వాహకుడు: మాస్టారూ, "చేతులు నలిపెడి" దగ్గర మనిషి కళ్లముందు కనిపించాడు. కానీ "పేద యూరి యవ్వ" అంటే పేదది ఊరా, అవ్వా? "మొన్న యొంటి యవ్వ" అంటే యతి చెడదు, అర్థం కూడా తేటపడుతుంది.

తమ్మీ, మొదటి రెండు పాదాలు చాలా బాగున్నాయి. మూడోదానిలో సీకి ఫై యతి కుదరదు. పైగా "తనకు", "వాడె" అంటూ మధ్యలో "నాకు" అన్నావు, ఇంతకూ ఎవరి కథ ఇది?

జనగామ అక్క: మాస్టారూ, మీ అవ్వకు ఇంకో దారి కూడా ఉంది. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు, ఆ వకీలుకు ఫీజు న్యాయసేవల సంస్థే ఇస్తుంది. పద్యంలో పట్టకపోతే పోనీ, చదివిన వాళ్లకు తెలియాలని చెప్తున్న.

పరకాల మాస్టారు: తెలియదమ్మా, మంచి మాట చెప్పావు. "మొన్న యొంటి యవ్వ" తీసుకుంటున్నాను.

కాజీపేట తమ్ముడు: అన్నా, అది నా కథే, అందుకే "నాకు" అని వచ్చేసింది. ఎన్రోల్ అయి మూడేళ్లు, ఆ ఫైలే నా చేతికి వచ్చిన మొదటిది. ఇట్లా మార్చిన:

సీనియరుకు జబ్బు చేతికి ఫైలిచ్చె

నిర్వాహకుడు: సీకి చే సరసయతి, అంటే స, చ లకు యతి చెల్లుతుంది, సరిపోయింది. గెలిచినందుకు కూడా అభినందనలు తమ్మీ.