‘ఇయర్’ అంటే చెవా, సంవత్సరమా?

రాజాం_22:
సంవత్సరానికీ చెవికీ మనం ‘ఇయర్’ అనే అంటాం. ఇంగ్లీషులో రెండూ వేరు, వేరేగానే పలకాలంటున్నారు కోచింగులో మేస్టారు. ఆయన పలికి చూపించినా నాకు ఒక్కలాగే వినబడుతున్నాయి. ‘యియర్’ అని తెలుగులో రాసుకుని చదివినా నోట్లోంచి ‘ఇయర్’ అనే వస్తోంది. ఏటి తేడా అసలు? నాలిక ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_ఒడ్డు:
తెలుగులో మాట మొదట ‘ఇ’ అన్నా ‘యి’ అన్నా అర్థం మారదు. పాత పుస్తకాల్లో ‘యిది’, ‘యెవరు’ అనే అచ్చువేసేవారు. మీరు రాసిన ‘ఏటి’నే శ్రీకాకుళం ఆర్టీసీ బస్సు కాంప్లెక్సులో కాసేపు నిలబడి వినండి, ‘యేటి’ అని కూడా వినబడుతుంది. ఆ తేడాతో మనకు పని లేదు కాబట్టి చెవి దాన్ని పట్టించుకోదు. ఇంగ్లీషులో మాత్రం ఆ ఒక్క ‘య’తోనే మాట మారిపోతుంది. ఈస్ట్ తూర్పు, యీస్ట్ బ్రెడ్డు పిండి పొంగడానికి వేసేది.

ఇక నాలిక. మాట మధ్యలో ఈ ధ్వని మనకు ఉండనే ఉంది: నెయ్యి, వెయ్యి, గొయ్యి. ‘నెయ్యి’ మెల్లగా అంటూ ‘య్య’ దగ్గర ఆగండి. నాలిక కొస కింది పళ్ల వెనక, నడుమ భాగం అంగిలికి అంటీ అంటనట్టు ఉంటుంది. ‘ఇ’కి కూడా నాలిక పైకే లేస్తుంది గాని అంత దగ్గరకు పోదు. అక్కడ రెండు సెకన్లు పట్టి ఉంచి, ఒక్కసారి వదలండి: ‘నె-య్య్య్-యియర్’. పదిసార్లయ్యాక ‘నె’ గుసగుసగా, ఆ తర్వాత మనసులోనే. ‘జియర్’ అని వస్తోందా, నాలిక అంగిలికి తగిలిపోయినట్టే. కాస్త దించండి.

చెవికి వేరే దారి. ‘హియర్’ అంటూ ‘హ’ని తగ్గించుకుంటూ పోతే మిగిలేది అదే.

బొబ్బిలి_పంతులమ్మ:
విడిగా ఎంత బాగా పలికినా వాక్యంలో పడేసరికి జారిపోతుంది. కాబట్టి ముందు ‘వన్’ చేర్చి సాధన చెయ్యండి. ‘న’ అంటుకుని ‘వన్నియర్’ అయితే ఒక చెవి. ‘న్’ ముగించి ‘య్య’ మీదకు వెళ్తే ఒక సంవత్సరం.

పరీక్ష పేపర్లో సంవత్సరం ముందు ‘ఏన్’ పెట్టే తప్పు కూడా ఇందులోంచే పుడుతుంది. ‘ఏన్’ అచ్చు ధ్వని ముందే వస్తుంది, ఇక్కడున్నది ‘య’. కాబట్టి ‘ఎ’ చాలు, పలికితే ‘అయ్యియర్’. మన ‘అయ్య’లో ఉన్న య్యే.

ఇంకోటి, ఈ సాధన మొదలెట్టాక అన్నిటికీ ‘య’ తగిలించకండి. గుడ్డు ‘ఎగ్’, ‘యెగ్’ కాదు. అవునన్నప్పుడు ‘యెస్’, అక్షరమైతే ‘ఎస్’. మనం సరిగ్గా తిరగేసి అంటుంటాం.

రాజాం_22:
వెయ్యి, నెయ్యి దారి దొరికిందండీ. ఫోన్లో వాయిస్ టైపింగుతో సరిచూసుకోవచ్చా? ‘ఫైవ్ ఇయర్స్’ ప్రతిసారీ సరిగ్గానే పడుతోంది.

నాగావళి_ఒడ్డు:
అది మీ ఉచ్చారణ గొప్ప కాదండీ, పక్కనున్న ‘ఫైవ్’ని బట్టి ఊహించేస్తుంది. ఈస్ట్, యీస్ట్ కలగాపులగంగా ఓ ఇరవై సార్లు రికార్డు చేసి, వరుస కాగితం మీద రాసి దాచండి. మర్నాడు వింటూ ఏది ఏదో మళ్లీ రాసి, రెండు కాగితాలూ పోల్చండి. మీకే తేలకపోతే ఎదుటివాళ్లకూ తేలదు.

చీపురుపల్లి_రైలు:
ఇంటర్వ్యూ కోసమైతే మరీ బెంగ అక్కర్లేదు. ‘ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్’ అంటే ఐదు చెవులని ఎవరూ అనుకోరు. చివరి ‘ర్’ అమెరికా వాళ్లు పలుకుతారు, లండన్ వార్తల్లో దాదాపు వినబడదు. ఏదైనా తప్పు కాదు.

వినేటప్పుడు ఒక గుర్తు పెట్టుకోండి. వేగంగా మాట్లాడితే ‘దిస్ ఇయర్’ కాస్తా ‘దిష్షియర్’, ‘లాస్ట్ ఇయర్’ ‘లాస్చియర్’ అయిపోతాయి. ‘స’ని ‘ష’గా, ‘ట’ని ‘చ’గా మార్చేది ఆ ‘య’యే. చెవి గురించి అయితే ‘దిసియర్’ అనే ఉంటుంది, ‘స’ మారదు.