అప్‌డేట్: జీపు ముందు స్ప్రింగ్ హ్యాంగర్ సంగతి

మా పాత జీపు ఎడమవైపు ముందు లీఫ్ స్ప్రింగ్ హ్యాంగర్ (పట్టీల స్ప్రింగ్‌ను చాసిస్‌కు, అంటే బండి అడుగు ఫ్రేముకు, పట్టి ఉంచే బ్రాకెట్) వెల్డింగ్ దగ్గర రెండోసారి పగిలిందనీ, దాని మీదే మళ్లీ అతికిస్తే ఆగుతుందా అనీ అడిగాను కదా. ఆగదు. గ్రైండర్‌తో పాత వెల్డింగ్ తీసేస్తే అసలు సంగతి బయటపడింది. పగులు చాసిస్ రేకులోకి రెండంగుళాలు పాకింది. ఆ వెల్డింగ్ పైకి నున్నగానే ఉంది, లోపల పట్టనే లేదు. పోయినసారి వెల్డింగ్ చేసిన మహానుభావుడు పెయింట్ మీదే లాగించేశాడు!

పగులు చివర చిన్న రంధ్రం వేసి, పగులు వెంట గాడి తీసి వెల్డింగ్‌తో నింపాం. దానిమీద 5 ఎం.ఎం. ప్లేటును డైమండ్ ఆకారంలో కోసి వేశాం. చాసిస్ పొడవుకు అడ్డంగా, పైనుంచి కిందికి తిన్నటి గీతలా వెల్డ్ చేస్తే మళ్లీ అక్కడే విరుగుతుందని హెచ్చరించినవాళ్లకు థ్యాంక్స్. వెల్డింగ్ రాడ్ 7018 రకం, వేడిచేసి తడి పోగొట్టాకే వాడాం. బ్యాటరీ వైర్లు ముందే తీసేశాం.

ఎక్కువ టైం కొలతలకే పట్టింది. హ్యాంగర్‌కు టాక్ వేసి (అక్కడక్కడ చుక్కల్లా తాత్కాలికంగా అతికించి) ఐమూలగా రెండువైపులా కొలిస్తే 6 ఎం.ఎం. తేడా! కోసి మళ్లీ పెట్టాం. లేకపోతే యాక్సిల్ వంకరగా కూర్చుని బండి ఒకవైపు లాగేది. స్ప్రింగ్ కొసల్లో ఉన్నవి రబ్బరు బుష్‌లు, ముందే బిగిస్తే మెలిపడతాయి కాబట్టి షాకిల్ (స్ప్రింగ్ కొసను పట్టుకుని ఊగే లింకు) బోల్టులు బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాను.

నిన్న వాగు దాటించాను, టకటక చప్పుడు లేదు. కుడివైపుది ఇంకా విప్పలేదు, అదే టెన్షన్.